ఇరవై నిమిషాలకోసారి లేచే మేస్త్రి

ఆయన పరిచిన నేల మీద గోళీ వదిలితే ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. అందుకే అందరూ ఆయన్ని రసమట్టం మేస్త్రి అంటారు. రసమట్టం అంటే గాజు గొట్టంలో బుడగ కదులుతూ నేల సమంగా ఉందో లేదో చెప్పే చిన్న పనిముట్టు. ఆయన సంచీలో అది ఎప్పుడూ ఉంటుంది గానీ బయటికి రావడం తక్కువ. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, గాలి లేని వేళ నీటిని చూసినట్టు టైల్స్ వరస మీదుగా అటు చివరికి చూస్తాడు. ఎక్కడో ఒక అంచు కాగితమంత లేచి ఉంటుంది. రబ్బరు సుత్తితో ఒక్క దెబ్బ. నీరు మళ్లీ నిశ్చలం.

ముప్పై నాలుగేళ్లు ఇదే పని. వంటిళ్లు, స్నానాల గదులు, దుకాణాలు, ఆసుపత్రి వరండాలు, అన్నీ మోకాళ్ల మీదే. మనం లోకాన్ని నిలబడి చూస్తాం. ఆయన మూడడుగుల ఎత్తు నుంచి చూశాడు. బల్లల అడుగున ఎవరో అంటించి మరిచిపోయిన బబుల్‌గమ్, తలుపు కింద సన్నటి వెలుతురు గీత, కొత్త నేల మీద అడుగు వేయడానికి జంకే పిల్లల వేళ్లు. "ఇంటివాళ్ల ముఖాలు నాకు గుర్తుండవు, మడమలు చూపిస్తే మాత్రం ఎవరో చెప్పేస్తా" అని నవ్వేవాడు.

నొప్పి మొదట పొద్దుటిపూట వచ్చింది. మంచం దిగగానే కుడి మోకాలు తుప్పు పట్టిన గొళ్లెంలా బిగుసుకుపోయేది. పది అడుగులు నడిస్తే వదిలేది. వదిలింది కదా అని ఆయనా దాన్ని వదిలేశాడు. ఏడాది తిరిగేసరికి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలైంది. రెండో ఏడు మోకాలు వంచినప్పుడల్లా లోపల ఇసుక నలిగిన చప్పుడు. ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్లుగా తన వెంట పనిచేస్తున్న కూతురికి కూడా చెప్పలేదు. టైల్స్ కోయడంలో ఆ పిల్ల చెయ్యి ఆయన చేతికన్నా నెమ్మది, కానీ ఆయన చేతికన్నా కచ్చితం. తండ్రి కుంటడం ఆమె చూసింది. "చెప్పు కరుస్తోంది" అన్నాడు. నమ్మింది.

చెప్పు కాదని తేలింది ఒక సామాన్ల గదిలో.

ఒక ఇంటి వెనక పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గది. ఒక తలుపు, ఎదుటి గోడకు చువ్వల కిటికీ. టైల్స్ పరిచేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ తలుపు దగ్గర తేలాలి. పరిచిన చోట మర్నాటిదాకా కాలు పెట్టకూడదు. పనిలో చేరిన మొదటి రోజే చెప్పే మాట ఇది. కానీ ఆ గదిలో అలా వెనక్కి జరగాలంటే బరువంతా కుడి మోకాలి మీద పడుతుంది. ఎదురు దిక్కున జరిగితే ఎడమ మోకాలు మోస్తుంది. అందుకని ఆయన తలుపు దగ్గరే మొదలుపెట్టాడు. గోడవారన ఒక వరస ఖాళీగా వదిలి, దాని మీదుగా బయటికొచ్చి, ఆ వరసను ఆఖరున నింపుదామని ఆలోచన.

ఆలోచన బాగానే ఉంది. కానీ ఒకసారి నేల మీద కూర్చున్నాక మళ్లీ లేవడమంటే ఆయనకు భయం పట్టుకుని ఉంది. లేవకుండానే, చేతికి అందిన చోటల్లా పరుస్తూ పోయాడు. ఖాళీగా వదలాల్సిన వరస కూడా చేతికి అందింది. తల ఎత్తి చూసేసరికి తలుపు అటు చివర, తాను ఇటు మూల, మధ్యలో పచ్చి సిమెంటు మాలు మీద తడిగా మెరుస్తున్న టైల్స్. కిటికీ కింద రెండు మూరల చోటు మిగిలింది. ఖాళీ బకెట్టు బోర్లించి, ఎలాగో దాని మీదికి ఒరిగి కూర్చున్నాడు రసమట్టం మేస్త్రి.

మధ్యాహ్నం భార్య తిండి పట్టుకొచ్చింది. ఆమె రెండు వీధుల అవతల, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. గది తలుపు దాకా వచ్చి ఆగి, చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఏవండీ, తినడానికి రారా?"

"ఇక్కడికే ఇవ్వు."

"ఇక్కడికంటే? చువ్వల్లోంచా?"

"ఆఁ."

ఆమె నేలను చూసింది, తలుపును చూసింది, మొగుణ్ని చూసింది.

"చెయ్యి లోపల పెట్టి జేబు కుట్టేసుకున్నట్టుంది మీ పని."

"మెల్లగా మాట్లాడవే. ఇంటావిడ వింటుంది."

"విననివ్వండి. ముప్పై నాలుగేళ్ల అనుభవం మరి! గోడల మీద పోస్టర్లు వేయిద్దాం."

రొట్టె ముక్కలు చువ్వల్లోంచి ఒక్కొక్కటే వచ్చాయి. అరటిపండు వచ్చింది. నీళ్ల సీసా మాత్రం ఆమె చేతిలోనే ఆగింది. "గుక్కెడే తాగండి. తర్వాత సంగతి కూడా ఆలోచించుకోండి" అంది.

అప్పుడే బజారు నుంచి టైల్స్ పెట్టెలతో కూతురు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, గుమ్మం పట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వింది. నవ్వుతూనే వెళ్లి పొడవాటి పరంజా చెక్క తెచ్చింది. ఒక కొస గడప మీద, రెండో కొస తండ్రి పక్కనున్న టైల్స్ పెట్టె మీద ఆనించింది. చెక్క నేలకు తగలకుండా వంతెనలా నిలిచింది.

"రా నాన్నా."

"వద్దులే. టైలు వెంట్రుకవాసి కదిలినా..."

"తగలదు. చూశావుగా. రా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నాన్నా?"

"లేవలేను అమ్మడూ."

నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. కిటికీ అవతల నీళ్ల సీసా పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. మూలన చిక్కుకోవడం చిన్న సంగతి, నవ్వుకుని మరిచిపోయే సంగతి. అసలు సంగతి ఇది. కూతురు చెప్పులు విప్పి చెక్క మీద నడిచి వెళ్లింది. తండ్రి చంకల కింద చేతులు వేసి లేపింది. ఆయన రెండు చేతులూ తన భుజాల మీద వేయించుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ తలుపు దగ్గర తేల్చింది. ఒక్క టైలు కూడా కదల్లేదు.

"ఎన్నాళ్లనుంచి?" అని అడిగింది బయటికొచ్చాక.

"రెండేళ్లు."

భార్య ఒంటికాలి మీద లేచింది. "చెప్పు కరుస్తోందన్నారు! కొత్త చెప్పులు కొన్నాను కూడానూ!"

మర్నాడే ఎక్స్‌రే తీయించారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి, కుడి మోకాలిలో రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు ఒక పక్క దాదాపు మూసుకుపోయిందని చూపించాడు. మేస్త్రి చాలాసేపు చూశాడు. "సందు లేకుండా పరిచేశారండీ. ఎవరో పని రానివాళ్లు" అన్నాడు. డాక్టరు నవ్వి, కీలు అరుగుదల వచ్చిందని, గుజ్జు పోయిన మేర మళ్లీ రాదని, ఆపరేషను అవసరం ఇప్పుడే లేదని చెప్పాడు. ఒళ్లు కాస్త తగ్గాలి. తొడ కండరాలు గట్టిపడాలి. అవి గట్టిపడితే మోకాలి బరువులో వాటా అవి తీసుకుంటాయి. వ్యాయామం నేర్పడానికి, నడక సరిచేయడానికి, కీళ్లను చేత్తో కదిపి వైద్యం చేసే ఒక కైరోప్రాక్టర్ పేరు చీటీ మీద రాసిచ్చాడు.

ఆ వారమే కాంట్రాక్టరు ఇంటికొచ్చాడు. మంచివాడు. ఒక బడి వరండా పని ముందే మేస్త్రికి మాటిచ్చి ఉన్నాడు. ఎనభై అడుగుల పొడుగు వరండా. పదకొండు వారాల్లో సెలవులు మొదలవుతాయి, బడి తెరిచేలోపు ముగించాలి.

"మీరేం దిగులు పెట్టుకోకండి మేస్త్రీ. కుర్చీ వేయిస్తాను. కూర్చుని చూపించండి, కుర్రాళ్లు పరుస్తారు."

దయతో అన్న మాటే. అది వెళ్లి ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలింది. ఆయనకు తెలిసినదంతా అరచేతుల్లోనూ, నేలకు ఆనించే ఆ చెంపలోనూ ఉంది. కుర్చీలో కూర్చుని నోటితో చెప్పమంటే ఆయన దగ్గర చెప్పడానికేం లేదు. పదకొండు వారాల తర్వాత తాను నేల మీదికి దిగి, ఎవరి సాయమూ లేకుండా పైకి లేవగలగాలి. లేకపోతే ఇక మిగిలేది కుర్చీ. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

కైరోప్రాక్టర్ గది ఒక సైకిల్ దుకాణం పైన, పంతొమ్మిది మెట్ల ఎత్తున ఉంది. లిఫ్టు నెల రోజులుగా చెడిపోయి ఉంది. పైకి చేరేసరికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

"మోకాళ్ల వైద్యం మేడ మీద పెట్టారేంటి డాక్టరమ్మా? ఎక్కగలిగినవాడికి మందక్కర్లేదు, ఎక్కలేనివాడికి మందందదు!"

"కిందైతే అద్దె ఎక్కువండీ" అంది ఆమె. సన్నటి మనిషి, పెద్ద చేతులు. గదిలో ముఖం పెట్టుకోవడానికి రంధ్రమున్న పొడవాటి బల్ల, మూలన ఎవరిదో టోపీ పెట్టుకుని నిలబడ్డ ప్లాస్టిక్ అస్థిపంజరం.

ఆమె వెంటనే మోకాలు ముట్టుకోలేదు. నడిపించింది, నిలబెట్టింది, ఒంటికాలి మీద ఆగమంది. మడమ వెనక నిలబడి చూసింది. రెండేళ్లుగా కుడికాలిని దాచుకుని నడవడంతో నడుము ఒక పక్కకు ఒరిగిందని, తుంటి బిగుసుకుపోయిందని, చీలమండ వంగడం మానేసిందని చెప్పింది. ఆ పక్కవాళ్లు పని మానేయడంతో భారమంతా మోకాలి మీదే పడుతోందట. ఇంతలో ఆయన తన కాలి బొటనవేలితో నేల మీద ఠకఠకా కొట్టాడు.

"ఈ టైలు కింద డొల్లగా ఉంది. మాలు సరిగా పడలేదు."

"అవునా? నాలుగేళ్లుగా దాని మీదే నిలబడుతున్నానే!"

"మీరు ఎముకలు వినండి, నేను నేల వింటా."

బల్ల మీద పడుకోబెట్టి తుంటినీ చీలమండనూ మెల్లగా అటూ ఇటూ కదిపింది. నడుము దగ్గర ఒక్కసారి నొక్కింది. టక్కుమని చప్పుడు. ఆయన అదిరిపడి సగం లేచాడు.

"విరిగిందా?"

"లేదండీ. కీలులో గాలి బుడగ లాంటిది, అంతే."

దిగి నడిచి చూసుకున్నాడు. కాలు తేలికగా ఉంది. ముఖం వెలిగిపోయింది. "అయిపోయినట్టేనా?"

"కాలేదు. మేస్త్రిగారూ, అరిగిన గుజ్జు నేను తెచ్చి పెట్టలేను. నా చేతులు చేసేది కాస్త ఉపశమనం. రెండు మూడు రోజులు ఉంటుంది, పోతుంది. నొప్పి తగ్గిన ఆ కాస్త సమయంలో మీరు వ్యాయామం చేయాలి. అసలు మందు అది. అది నా చేతిలో లేదు."

నాలుగు నేర్పింది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, అయిదు లెక్కపెట్టేదాకా దాన్ని కిందికి నొక్కి పట్టడం. వెల్లకిలా పడుకుని కాలు చాపి పైకెత్తడం. గోడకు వీపు ఆనించి కాస్త కిందికి జారి, మళ్లీ పైకి రావడం. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. ఒక్కోటి పదిసార్లు. రోజూ కాస్త నడక. చేసిన నొప్పి మర్నాడు పొద్దున్నకు సర్దుకుంటే పరవాలేదు, సర్దుకోకపోతే తగ్గించాలి.

ఇక్కడ ఆయన ఒళ్లొంచి బతికేవాళ్లంతా చేసే తప్పే చేశాడు. యాభై కిలోల సిమెంటు బస్తా భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కినవాడికి పది అనే అంకె వెక్కిరింతలా వినిపించింది. పది చేస్తే ఇంత మేలైతే వంద చేస్తే ఎంత మేలు! మూడు రోజులు వందలు వందలుగా చేశాడు. నాలుగో రోజు మోకాలు సొరకాయలా ఉబ్బింది. భార్య భుజం మీద చెయ్యి వేసుకుని పంతొమ్మిది మెట్లూ ఎక్కాడు.

డాక్టరమ్మ మోకాలు చూసి నిట్టూర్చింది.

"మేస్త్రిగారూ, మాలు ఆరకముందే ఎక్కి తొక్కుతారా మీరు?"

ఆ మాట మిగతా మాటలన్నిటికన్నా లోపలికి వెళ్లింది. సిమెంటు గట్టిపడాలంటే రోజూ నీళ్లు పట్టాలి. ఒక్కరోజే పీపాడు నీళ్లు గుమ్మరిస్తే గట్టిపడదు. ఈ సంగతి తెలియని ఇంటివాళ్ల మీద ఆయన జీవితమంతా కేకలేశాడు. ఇప్పుడు తానే ఆ ఇంటివాడు.

అప్పటినుంచి వారాలు చిన్న చిన్న అంకెలుగా గడిచాయి. వేకువన ఇల్లు ఇంకా బూడిద రంగులో ఉండగా, నేల మీద చాప పరిచి పడుకుని, ఆయన తన కాలిని ఆకాశంలోకి ఒక జానెడు ఎత్తేవాడు. ఎన్నో గదుల్ని సమం చేసిన మనిషి, ఒక జానెడు ఎత్తులో వణుకుతున్న తన పాదాన్ని సమంగా నిలపడానికి పళ్లు బిగించేవాడు. లెక్క భార్య పెట్టేది, అవతల గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని.

"ఏడు... ఎనిమిది... తొమ్మిది... తొమ్మిదింపావు... తొమ్మిదిన్నర..."

"ఏమే! ఇదేం లెక్క?"

"రెండేళ్లు దాచారుగా. వడ్డీ."

కూతురు ఆయన పనివేళలను సగానికి తగ్గించి, నిలబడి చేసే పనులే మిగిల్చింది. వరండా పనికని మెత్తటి మోకాలి తొడుగులు తెచ్చింది. రాత్రి భోజనంలో సగం తగ్గింది, దాని గురించి ఆయన చేసిన గొణుగుడు తగ్గలేదు. వారానికోసారి బల్ల మీద పడుకుని తుంటి వదులు చేయించుకుని వచ్చేవాడు. ఆరో వారానికి పొద్దుటి బిగుతు పది అడుగుల నుంచి నాలుగడుగులకు వచ్చింది. ఎనిమిదో వారంలో ఒకరోజు నేల మీదికి దిగి, ఎడమ పాదం ముందుకు పెట్టి, తొడ మీద చేతులు ఆనించి లేవబోయి, సగంలో ఆగి, మళ్లీ కూలబడ్డాడు. కూతురు ముందుకు రాబోయింది. "ఉండు" అన్నాడు. ఆ రోజు లేవలేదు. మర్నాడు లేవలేదు. అయిదో రోజు లేచాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భార్య కుట్టుమిషను మాత్రం కాసేపు ఆగి, మళ్లీ నడిచింది.

పదకొండు వారాలూ గడిచాక బడి వరండా. కాంట్రాక్టరు మాట తప్పని మనిషి, కుర్చీ తెచ్చి గోడవారన వేయించాడు. మేస్త్రి దాని వైపు చూడలేదు. తొడుగులు కట్టుకుని నేలకు దిగాడు. పక్కన కూతురు వంటకు పెట్టుకునే టైమరు గంట ఒకటి ఇరవై నిమిషాలకు తిప్పి పెట్టింది.

ఇది ఆ తండ్రీకూతుళ్లు కనిపెట్టుకున్న పద్ధతి. గంట మోగగానే ఆయన లేవాలి. చేతిలో టైలు ఉన్నా, వరస సగంలో ఉన్నా లేవాలి. ఆయన లేచిన చోట కూతురు మోకరిల్లుతుంది, మాలు ఎండకుండా వరస సాగుతుంది. ఆయన వరండా కొసదాకా నడిచి, గోడకు వీపు ఆనించి జారి, లేచి తిరిగి వస్తాడు. మొదటి రోజు కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. "మేస్త్రిగారికి గంట కొడితే ఆటవిడుపు" అన్నాడొకడు. "నీకు గంట కొట్టకపోయినా ఆటవిడుపేగా" అంది కూతురు.

వింటే చిన్న పద్ధతి. కానీ ఆ పనివాడికి అదెంత కష్టమో పక్కన నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. చెంప నేలకు ఆనించి, ఒక అంచు లేచి ఉండటం పట్టుకుని, సుత్తి ఎత్తిన క్షణాన గంట మోగుతుంది. ముప్పై నాలుగేళ్లలో ఏ నొప్పికీ దించని సుత్తిని ఆయన ఆ గంటకు దించేవాడు. "అటునుంచి మూడోది, ఎడమ అంచు" అని చెప్పి లేచేవాడు. అలా నోటితో చెప్పడం కూడా ఆయనకు అలవాటైంది. కూతురు చెంప ఆనించి చూసి, "ఆఁ, కనిపించింది" అనేది.

ఒకరోజు ముసురు పట్టింది. మోకాలు పొద్దుట్నుంచే సలుపు. రెండు గంటల సేపటికన్నా ఎక్కువ చేయలేనని ఆయనకే అర్థమైంది. పూర్వమైతే పళ్లు బిగించి సాయంత్రం దాకా లాగేవాడు. ఆ రోజు తొడుగులు విప్పి కూతురి పక్కన పెట్టి, "ఇవాళ్టికి నా వల్ల కాదు తల్లీ, నువ్వు చూసుకో" అని ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. ఎనభై అడుగుల వరండాలో ఆయన చేసిన గొప్ప పని ఏదని అడిగితే నేను ఆ నడకనే చూపిస్తాను.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు ఆఖరి వరస వచ్చింది. సగం వరసలు తండ్రివి, సగం కూతురివి. ఏవి ఎవరివో కనిపెడదామని కాంట్రాక్టరు అటు చివరి నుంచి ఇటు చివరి దాకా వంగి వంగి చూశాడు, తెలుసుకోలేకపోయాడు. ఆ సంతోషంలోనే కొత్త పని మాట ఎత్తాడు.

"మూడంతస్తుల మేడ మేస్త్రీ. మెట్లన్నీ మనవే. మీరు తప్ప ఇంకెవరికీ ఇవ్వను."

మేస్త్రి ఆఖరి టైలు అంచు తుడుస్తూ నేల మీదే ఉన్నాడు.

"మెట్లు నేను చేయనండి. అక్కడ మోకాలు తిప్పుకునే చోటుండదు. అమ్మాయి చేస్తుంది, అడగండి. నాకు చదునైన నేల ఉంటే చెప్పండి."

కాంట్రాక్టరు ముక్కు మీద వేలేసుకున్నాడు. "మీరు పని వద్దనడం ఇదే వినడం!"

"నేను అనడమూ ఇదే."

తుడిచిన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. ఎడమ పాదం ముందుకు వేసి, రెండు చేతులూ తొడ మీద ఆనించాడు. కాంట్రాక్టరు తనకు తెలియకుండానే చెయ్యి చాపాడు. మేస్త్రి దాన్ని చూడలేదు. నెమ్మదిగా, ఒడ్డుకు ఎవరో లాగుతున్న పడవలా పైకి లేచాడు. కుడి మోకాలు టక్కుమంది.

"అది అలా మాట్లాడుతూనే ఉంటుంది, పట్టించుకోకండి" అని, "ఆ మేడలో నేలలు ఎవరికిచ్చారు?" అని అడిగాడు.